గిరక తిరగనన్న వారం

సోమవారం

బరువు పోతుంది, ఎవరూ పొయ్యిమీద పోపు పెట్టొద్దని పొద్దుటి నుంచీ స్పీకర్లో చెబుతూనే ఉన్నారు. అయినా మా ఎదురింటి నూకరత్నం పిన్ని పెట్టింది. ఆవాలు చిటపటలాడుతూ మూకుడు వదిలి, కిటికీ దాటి, వీధి వెంట వరసగా వెళ్లిపోయాయి. వాటి వెనక గరిట పట్టుకుని పిన్ని. పిన్ని వెనక నవ్వుతూ వీధి వీధంతా.

ఇది ఇరుసుగది లాగ్. ఇందులో మోటారు సంగతులే రాయాలని రూలు. కానీ ఇవాళ మోటారు ఆగి ఉంది, రాయడానికి ఆవాలు తప్ప ఏముంది?

మా ఊరి పేరు గిరక. ఊరంటే పెద్ద చక్రం. చక్రం అంచుకి లోపలివైపు మా ఇళ్లు, బడి, చేపల చెరువు, కోళ్ల గూళ్లు. అది తిరుగుతున్నంతసేపూ మా కాళ్లు నేలమీద, చారు గిన్నెలో ఉంటాయి. ఆగిందా, ఎవరి దారి వాళ్లది. బయట శని గ్రహం, దాని చుట్టూ మంచు. ఆ మంచు కోసి అమ్ముకుని బతకడానికి వచ్చిన మా తాతలు ఈ చక్రం కట్టుకుని, నూతిమీది గిరకలా ఉందని ఆ పేరే పెట్టేశారు.

చక్రం నడిమధ్యన ఇరుసు, ఇరుసులో పెద్ద మోటారు. దాని బేరింగు అరిగిపోయి కొన్నాళ్లుగా ముసలి పిల్లిలా గుర్రుమంటోంది. అందుకే ఊరిని ఆపాం. నేను పుట్టాక గిరక ఆగడం ఇదే మొదలు. మోటారును నడిపే సర్క్యూట్ బోర్డులు చూసుకోవడం నా పని. నా పేరు పైడితల్లి. మా పెద్దాయన గవర్రాజు బాబాయ్. చుట్టరికం లేదు గానీ, నాకు సోల్డరు పట్టడం నేర్పింది ఆయనే.

ఇరుసుగది కిటికీలోంచి చూస్తే ఊరు ఊరంతా కనబడుతుంది. చెరువు మీద కప్పిన గుడ్డ ఓ మూల ఊడింది కాబోలు, గుమ్మడికాయంత నీటిబంతి ఒకటి, లోపల రెండు జెల్ల చేపలతో సహా, బడి వైపు బయల్దేరింది. దాన్ని పట్టడానికి బుట్టలతో ఆడవాళ్లు ఈదుతున్నారు. కోళ్లు ముందు గోల పెట్టాయి, తర్వాత కిటుకు తెలిసిపోయి గూట్లోకి రామని మొండికేశాయి. మాస్టార్లు పాఠం చెప్పడం మానేసి పల్టీలు కొడుతున్నారు.

“నువ్వూ ఓ పల్టీ కొట్టిరా, పో,” అన్నాడు బాబాయ్ కొత్త బేరింగులో గ్రీజు దట్టిస్తూ.

“పల్టీలు ఎవరికి కావాలి? రేపటికల్లా తిప్పాలి, పనుంది,” అన్నాను. లోపల మాత్రం వెళ్లాలనే ఉంది.

మంగళవారం

కొత్త బేరింగు ఎక్కింది. కొత్త బోర్డులు బిగించాం. బ్రేకు తీశాం. బాబాయ్ దండం పెట్టుకుని మీట నొక్కాడు.

గుర్ర్... అని మోటారు నిలువునా వణికింది. ఆగిపోయింది. ఎర్రదీపం.

ఎర్రదీపం అంటే బోర్డు చెప్పే మాట ఒకటే: “కరెంటు మరీ ఎక్కువ పారుతోంది, నేను ఆపేశాను.” మళ్లీ నొక్కాం. మళ్లీ వణుకు, ఎర్రదీపం. మధ్యలో ఓసారైతే వెనక్కి తిరగబోయింది.

మోటారులోకి పోయే కరెంటును బోర్డు ఎలా చూస్తుందో ఇక్కడ రాయాలి, లేకపోతే ముందు ముందు రాసేదేదీ అర్థం కాదు. కరెంటు పోయే దారిలో చిన్న లోహపు పట్టీ ఉంటుంది. దాన్ని దాటేటప్పుడు వోల్టేజీ పిసరంత తగ్గుతుంది. ఆ పిసరుని పెద్దది చేసి చూసుకుని, ఇంత కరెంటు పోతోందని బోర్డు లెక్కేసుకుంటుంది. తక్కెడలాంటిదే. అయితే తూచే ముందు ఖాళీ తక్కెడ సమంగా ఉందో లేదో చూసుకోవాలి కదా. బోర్డూ అంతే. నిద్ర లేవగానే, మోటారుకి ఏమీ ఇవ్వకముందే పట్టీని చూసి “ఇదీ సున్నా” అని గుర్తు పెట్టుకుంటుంది. ఆ సున్నా తప్పయితే తర్వాతిదంతా తప్పే. బెల్లం అంటుకున్న తట్టతో కూరగాయలు తూచినట్టు.

పట్టీ చూశాం. బాగుంది. సోల్డరు అతుకులు భూతద్దం పెట్టి చూశాం. తళతళలాడుతున్నాయి. బోర్డే మార్చేశాం. కొత్తదీ అదే వణుకు. తీసిన బోర్డును బల్లమీద చిన్న మోటారుకి తగిలిస్తే, వెన్నలో వేలు తిప్పినట్టు తిరిగింది! మళ్లీ పెద్ద మోటారుకి పెడితే ఎర్రదీపం.

“బల్లమీద బంగారం, ఇరుసులో ఇత్తడి,” అన్నాడు బాబాయ్. అంటూనే కడుపు పట్టుకుని వంగిపోయాడు. గాల్లో వంగితే మనిషి బంతిలా గుండ్రంగా తిరుగుతాడు. అలా తిరుగుతూ నా వైపు వచ్చాడు.

“ఏమైంది బాబాయ్?”

“ఏం లేదు. నిన్న చలిమిడి ఎక్కువ తిన్నాను.”

ఊళ్లో ఎవరికీ బెంగ లేదు. రేపు కాకపోతే ఎల్లుండి తిరుగుతుందిలే అని గోడ పరుగు మొదలెట్టారు. నూకరత్నం పిన్ని పెట్టిన ఆట అది. నేలను గట్టిగా తన్నుకుంటూ చక్రం చుట్టూ పరిగెత్తాలి. వేగం అందుకుంటే పరుగే మనిషిని నేలకు అంటిపెడుతుంది. డెబ్బై దాటిన పిన్ని, చీర బిగించి, కుర్రాళ్లని దాటేసి పోతోంది. కిటికీలోంచి చూసి ఈలేశాను.

బుధవారం

చలిమిడి కాదు.

పొద్దున్నే డాక్టరమ్మ మెహరున్నీసా నన్ను ఆసుపత్రికి పిలిపించింది. గవర్రాజు బాబాయ్‌ని మంచానికి బెల్టులతో కట్టి ఉంచారు. ముఖం పాలిపోయి ఉంది, మీసం మాత్రం ఎప్పటిలాగే నిటారుగా.

“అపెండిక్స్ వాచిపోయింది,” అంది డాక్టరమ్మ. “మందులతో ఆపుతున్నాను. రేపటిదాకా ఆగొచ్చు, ఆ తర్వాత నేను మాటివ్వలేను. పగిలిందంటే ప్రాణం మీదికి వస్తుంది.”

“మరి ఇప్పుడే కోసెయ్యొచ్చు కదా?”

“బరువు లేకుండానా? రక్తం కిందికి కారదు పైడితల్లీ, బంతులు కట్టి పైకి లేస్తుంది. పేగులు కూడా చోటున ఉండవు. నాకు నా చెయ్యే కనబడదు. అలా ఎప్పుడూ చెయ్యలేదు, చెయ్యగలనని అబద్ధం చెప్పను. నువ్వు గిరకని తిప్పు. తిరిగిన గంటలో ఈయన్ని బాగుచేస్తాను.”

ఈ మూడు రోజుల్లో నవ్వు ఆగింది ఆ కాసేపే.

బయటికొచ్చాక నాకో పాడు ఆలోచన వచ్చింది. బోర్డు ఎంత కరెంటు దగ్గర ఆగిపోవాలో తిప్పి పెట్టే మర ఒకటుంది. దాన్ని పైకి తిప్పేస్తే బోర్డు ఆగదు, మోటారు తిరిగి తీరుతుంది. మర మీద స్క్రూడ్రైవరు పెట్టాను. పెట్టి, వైరు ఫోనులో బాబాయ్‌ని అడిగాను.

“వద్దు.” గొంతు నీరసంగా ఉన్నా మాట గట్టిగానే వచ్చింది. “ఉన్నది ఒక్కటే మోటారు. లోపలి తీగచుట్ట కాలిందంటే మరోటి వచ్చేసరికి ఏడాది. నా ఒక్క పొట్ట కోసం ఊరి మోటారు కాలుస్తావేటే?”

“మీ పొట్ట ఊరిదే బాబాయ్.”

“కబుర్లాపి సున్నా చూడు. పట్టీ బాగుందన్నావు, బోర్డు బాగుందన్నావు. మరి బోర్డు నేర్చుకుంటున్న సున్నా బాగుందా?”

అది నిన్ననే చూడాల్సింది. మీటరు తగిలించి బోర్డును నిద్రపుచ్చి లేపాను, అంటే కరెంటు తీసి మళ్లీ ఇచ్చాను. సున్నా తప్పు! మళ్లీ లేపాను. ఇంకో రకంగా తప్పు! లేపినప్పుడల్లా ఒక కొత్త సున్నా. పాడైన భాగమైతే ఎప్పుడూ ఒకేలా తప్పు చెప్పాలి. ఇది అటూ ఇటూ ఊగుతోంది.

ఊరంతా మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నప్పుడు — కూర్చోవడమంటే స్తంభాలకి కట్టుకోవడం — మరోసారి లేపాను. ఈసారి సున్నా చక్కగా సున్నా! మీట నొక్కాను. వణుకు లేదు. మోటారు నున్నగా, హుందాగా కదలబోయింది... ఆగిపోయింది. ఎర్రదీపం. భోజనాలయ్యాక మళ్లీ చూస్తే సున్నా తప్పు, వణుకు యథాప్రకారం.

అన్నం వేళకి బాగుండి, అన్నం తిన్నాక పాడయ్యే బోర్డును మొదటిసారి చూస్తున్నాను.

గురువారం

దొరికింది! దొరికింది, దొరికింది, దొరికింది! లాగ్‌లో ఇలా రాయకూడదని తెలుసు. రాస్తున్నాను.

పొద్దున్న బోర్డు నిద్ర లేచే క్రమం మొత్తం కాగితం మీద గీసుకున్నాను. లేవగానే అది కింది స్విచ్చులన్నీ ఒక్క క్షణం మూస్తుంది. పై స్విచ్చులు పనిచెయ్యడానికి కావలసిన కరెంటును చిన్న కెపాసిటర్లలో నింపుకోవడానికి. సున్నా నేర్చుకునేది సరిగ్గా ఆ క్షణంలోనే. కింది స్విచ్చులు మూసి ఉంటే మోటారు తీగలన్నీ ఒకదానికొకటి కలిసిపోయినట్టే. మోటారు కదలకుండా ఉంటే ఫరవాలేదు. కానీ ఎవరైనా దాన్ని బయటినుంచి తిప్పుతుంటే అది తనంతట తాను కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు పట్టీలోంచి పోతుంది. బోర్డు దాన్ని చూసి “ఓహో, ఇదన్నమాట సున్నా” అనుకుంటుంది!

బల్లమీది మోటారును ఎవరూ తిప్పలేదు. అందుకే అక్కడ బంగారం. సరే, ఇక్కడ తిప్పేదెవరు? గిరక ఆగి ఉంది కదా?

తలెత్తి కిటికీలోంచి చూశాను. ఇరుసు మీద ఓ గీత, చక్రం మీద ఓ గీత పక్కపక్కనే ఉంటాయి. చక్రం మీది గీత మెల్లగా, నత్తలా జరుగుతోంది. దాని అవతల నూకరత్నం పిన్ని, పిన్ని వెనక గోడ పరుగు జట్టు మొత్తం, దబదబమని నేలను తన్నుకుంటూ ఒకే దిక్కున పోతున్నారు. వాళ్లు అటు పరిగెడుతుంటే, వాళ్ల కాళ్లకింద ఊరు ఇటు జరుగుతోంది!

నవ్వొచ్చింది. నవ్వు ఆగక గాల్లో గిరగిరా తిరిగాను. బరువు లేని చోట కన్నీళ్లు కారవు, కళ్లమీదే పోగుపడతాయి. ఏమీ కనబడకుండానే ఫోను వెతుక్కుని బాబాయ్‌కి చెప్పాను.

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, “అంటే... మన బోర్డును పాడుచేసింది ఆ ముసల్దా?” అన్నాడు. నవ్వబోయి “అమ్మా” అని మూలిగాడు.

చక్రాన్ని బ్రేకుతో బిగించి బోర్డును లేపడం కుదరదు. బ్రేకు తీస్తేనే బోర్డుకి కరెంటు అందేలా కట్టారు మా పెద్దలు. క్రమం మార్చి కొత్త చిప్పు రాసుకోవాలంటే రెండు రోజులు. డాక్టరమ్మ అంత టైము లేదంది. మిగిలింది ఒకటే. నాలుగొందల మందిని కదలకుండా కూర్చోబెట్టాలి.

మైకు పట్టుకుని బాబాయ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. “ఏదో ఒకటి పట్టుకోండి. నేను చెప్పేదాకా ఎవ్వరూ కదలొద్దు,” అన్నాను.

“ఊపిరి తీసుకోవచ్చా?” అడిగాడెవడో.

“తీసుకోండి. తన్నొద్దు, గెంతొద్దు, పాకొద్దు.”

పిన్ని ఇరుసుగది కింది నిచ్చెన పట్టుకుని నావైపు గుర్రుగా చూసింది. “మా పరుగే తప్పంతావేటే పైడీ?”

“తప్పు కాదు పిన్నీ, బలం. ఊరిని కదిపేంత బలం.”

“అలాగ సెప్పు,” అని మెత్తబడింది.

మొదటిసారి అంతా బిగుసుకున్నారు. నేను మీట మీద చెయ్యి వేశాను. ఎవరి చేతిలోనుంచో ఓ అట్టు జారిపోయింది, దాని వెనక ఓ పెద్దాయన, ఆయన కాలు పట్టుకుని ఆయన భార్య, ఆమెను పట్టుకోబోయి వీధి వీధంతా. చెడింది. రెండోసారి ఓ కోడిపుంజు బడి గంట మీద వాలి కొక్కొరోకో అంది. మనుషులు కదల్లేదు గానీ ఉగ్గబట్టిన నవ్వుతో ఊరు మొత్తం కిచకిచమంది. గీతలు చూశాను. కదలడం లేదు. నవ్వుకి ఊరు కదలదన్నమాట, మంచిదే. బోర్డును లేపాను.

సున్నా, సున్నాలా ఉంది.

మీట నొక్కాను. వణుకు లేదు. మోటారు నున్నగా లేచి... ఆగింది. ఎర్రదీపం.

ఊరంతా నన్నే చూస్తోంది. ఫోనులో బాబాయ్ గొంతు సన్నగా వినబడింది. “వణికిందా?”

“లేదు బాబాయ్. నిన్న భోజనాలప్పుడు చేసినట్టే చేసింది.”

“అయితే బోర్డు అబద్ధం చెప్పడం లేదు. కరెంటు నిజంగానే ఎక్కువైంది. బేరింగుకి కొత్త గ్రీజు నిండా పెట్టాను. చలికి బిగుసుకుపోయుంటాది. మొదటి కదలిక మోటారు లాగలేకపోతోంది.”

అప్పుడర్థమైంది. రెండు జబ్బులు ఒకే దీపం వెలిగిస్తూ వచ్చాయి. ఒకటి పోతే గానీ రెండోది కనబడలేదు. గ్రీజు కరిగేలా కాపడం పెట్టాలంటే రేపటిదాకా పడుతుంది. డాక్టరమ్మ ఫోను లాక్కుని, “రేపు లేదు పైడితల్లీ. నొప్పి పెరుగుతోంది,” అంది.

స్పీకర్లోనే నిజం చెప్పేశాను. బోర్డు బాగుపడింది, మొదటి కదలికకి బలం చాలడం లేదు అని.

నిచ్చెన దగ్గర్నుంచి పిన్ని గయ్‌మంది. “ఓసోస్! ఇందాకా ఊరిని కదిపింది మేవే అన్నావు గదే? వద్దన్నప్పుడు కదిపినోళ్లం, కావాలంటే కదపలేమేటి?”

అంతే కదా! ఎర్రదీపాన్ని చెరపడానికి బోర్డును నిద్రపుచ్చక్కర్లేదు. ఇప్పుడు నేర్చుకున్న మంచి సున్నా దాని దగ్గరే ఉంటుంది. ఇక చక్రం కదిలినా ఫరవాలేదు. కదలాలి కూడా!

“పిన్నీ, ఈసారి అటుకాదు, ఇటు! చెరువు నుంచి బడి వైపు! మీరు అటు పరిగెడితే ఊరు ఇటు తిరగాలి!”

“బడి దిక్కుకే! లెగండర్రా!” అంటూ పిన్ని నిచ్చెన వదిలి నేలవైపు దూకింది.

సగంమంది అలవాటుకొద్దీ పాత దిక్కుకే బయల్దేరారు. చెరువు దగ్గర రెండు జట్లూ ఎదురెదురుగా గుద్దుకుని, సారీలు చెప్పుకుని, కావలించుకుని, మళ్లీ బయల్దేరాయి. తర్వాత దారిలో పడ్డారు. పిన్ని ముందు, వెనక మంచు కోసేవాళ్లు, మాస్టార్లు, చంటిపిల్లల్ని వీపున కట్టుకున్న తల్లులు. చప్పట్లు కొడుతూ ఒకే అడుగు వేస్తున్నారు. దబ్, దబ్, దబ్. ఆ దెబ్బలు ఇరుసులోకి, నా ఎముకల్లోకి ఎక్కుతున్నాయి. కిటికీలో గీతలు విడిపోయాయి. ఒక వేలు. ఒక జాన. చక్రం వాళ్ల కాళ్లకింద మెల్లగా అవతలి దిక్కుకి జారుతోంది. బేరింగు కిర్రుమంది, తర్వాత మూగబోయింది. గ్రీజు వదిలింది!

ఎర్రదీపం చెరిపి మీట నొక్కాను.

మ్‌మ్‌మ్ అని మోటారు అందుకుంది. ఎంత మెత్తగా అందుకుందంటే, ఉయ్యాల ఊపుతూ ఊపుతూ ఒకరి చేతిలోంచి ఇంకొకరు తీసుకున్నట్టు. పచ్చదీపం. కరెంటు ముల్లు పైకి లేచి, ఆగి, కిందికి దిగింది. పచ్చదీపం పచ్చగానే ఉంది.

“ఆగండి! ఇక పరుగు చాలు! ఆగండి!” అని అరిచాను. ఎవరు వింటారు? అరుపులు, ఈలలు, చప్పట్లు. పరుగు ఆపినవాళ్లకి ముందు బరువొచ్చింది. ఒక్కొక్కరే తేలిగ్గా నేలకు దిగి కూలబడుతున్నారు. నీటి బంతులు చెరువు మీదికి, వీధుల మీదికి, రెండు మూడు ఇళ్ల కప్పుల మీదికి చప్పుడు చేస్తూ పడ్డాయి. కోళ్లు అలిగి నడవడం మొదలెట్టాయి. పిన్ని ఒక్కతే ఇంకా పరిగెడుతోంది, చేతులు రెండూ చాపుకుని, ఎవరూ వెంట లేరని తెలియకుండానే.

నాకు కళ్లు తిరిగాయి. ఇరుసు తిరగదు, అక్కడెప్పుడూ బరువుండదు. అయినా తిరిగాయి. గోడకి ఆనుకుని, రెండు చేతులతో మోటారు కవరు నిమురుతూ ఉండిపోయాను.

శుక్రవారం

డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. నిన్న సాయంత్రమే కోసి తీసేసింది. “పగలడానికి సిద్ధంగా ఉంది, అదృష్టం,” అంది చేతులు కడుక్కుంటూ. కొళాయి నీళ్లు నిటారుగా కిందికి పడుతుంటే కాసేపు ఇద్దరం అలా చూస్తూ నిలబడ్డాం.

చిప్పుకి కొత్త క్రమం రాయడం మొదలెట్టాను. ఇకమీదట కింది స్విచ్చులు మూసే ముందే, కరెంటు పోయే దారి ఏదీ లేనప్పుడే, బోర్డు సున్నా నేర్చుకుంటుంది. ఊరు పరిగెత్తనీ, గెంతనీ, దానికి పట్టింపు ఉండదు. గ్రీజును ముందుగానే వెచ్చబెట్టే తీగ కూడా చుడుతున్నాను. ఊరి సంఘం వాళ్లు వచ్చి, ఏడాదికోసారి పండగలా గిరకను ఆపుదామా అని అడిగారు. బేరింగుకి మంచిది కాదన్నాను. మొహాలు వేలాడేశారు. ఆలోచిస్తానన్నాను.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లాను. బాబాయ్ అప్పుడే కళ్లు తెరిచాడు. మందు మత్తు ఇంకా దిగలేదు. బెల్టులు లేకుండా, పరుపులోకి కాస్త కుంగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి పెదవులు తడుపుకున్నాడు.

“తిరుగుతోందా?”

నోటితో చెప్పాలనిపించలేదు. మంచం పక్కన పళ్లెంలో స్టీలు గ్లాసు ఉంది. తీసి, చెయ్యి ముందుకు చాపి, వదిలేశాను. ఖణేల్‌మని నేలమీద పడి, దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. పక్క గదిలోంచి డాక్టరమ్మ “ఎవరది?” అని కేకేసింది.

బాబాయ్ నవ్వడం మొదలెట్టాడు. కుట్లు నొప్పి పుట్టి రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకున్నాడు. “నవ్వించకే తల్లీ, సచ్చిపోతాను,” అన్నాడు. కళ్లలోంచి నీళ్లు చెంపల మీదుగా కిందికి కారుతున్నాయి.

నేను మంచం కిందికి వంగి గ్లాసు తీశాను. పళ్లెంలో పెట్టబోతుంటే ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఇంకోపాలి పడెయ్యవే,” అన్నాడు.